అబూ దల్లా తాగేసిన కాఫీ

అబూ దల్లా నా వంటని మెచ్చుకున్న రోజంటూ లేదు. పప్పుచారులో ఉప్పెక్కువైందంటాడు. మర్నాడు తగ్గిస్తే చప్పగా తగలడిందంటాడు. అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు, అందరూ లేచాక లేస్తాడు. కంచం కడగక్కర్లేనంత శుభ్రంగా ఊడ్చేసి, "ఏదోలే ఉమ్ సనద్, ఆకలికి తిన్నాను" అని చేతులు కడుక్కుంటాడు. ఆ మనిషి గురించి చెప్పమంటే నాకు ముందు ఒళ్ళు మండుతుంది. కాసేపటికి నవ్వొస్తుంది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకోవాల్సి వస్తుంది, అదే నాకు నచ్చదు.

మా జర్కా ఊళ్ళో రైలు పట్టాల వెనక సందులో ఒక పాత రాతి ఇల్లుంది. దాన్ని అందరూ పొరుగిల్లు అంటారు. పొద్దున పనుల్లేనివాళ్ళు వస్తారు. ఫ్రిజ్ బాగుచెయ్యడమో, క్షవరమో, కుట్టుపనో నేర్చుకుంటారు. ఎక్కడైనా పని ఉందని తెలిస్తే విజ్దాన్ టీచరమ్మ ఫోన్లు చేసి పంపిస్తుంది. మధ్యాహ్నం ముసలివాళ్ళు భోజనానికొస్తారు. సాయంత్రం బడి వదిలాక పిల్లలు పాఠాలకొస్తారు, పేరుకి పాఠాలే గానీ అసలు సంగతి వాకిట్లో బంతాట. విజ్దాన్ టీచరమ్మ ఆడపిల్లల బళ్ళో పెద్ద టీచరుగా చేసి రిటైరైంది, ఇప్పుడు ఈ ఇంటి మంచీచెడ్డా అంతా ఆవిడే. నేను వంటమనిషిని. మొగుడు పోయి, ఎక్కడా పని దొరక్క ఈ గుమ్మం ఎక్కినదాన్నే నేనూ. గరిటె చేతికిచ్చారు, ఇప్పటిదాకా దింపలేదు.

అబూ దల్లా అసలు పేరు ఫయ్యాద్. పెళ్ళాం ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. మా దగ్గర మగవాణ్ణి పెద్దకొడుకు పేరు పెట్టి అబూ ఫలానా, అంటే ఫలానావాడి తండ్రి, అని పిలవడం మర్యాద; నన్ను ఉమ్ సనద్, సనద్ తల్లి, అన్నట్టే. కొడుకులేనివాణ్ణి ఏమని పిలుస్తారు? ఎప్పుడు చూసినా దల్లా, అంటే కాఫీ కూజా, చేతిలో ఉంటుంది కాబట్టి కూజాకే తండ్రిని చేసేశారు. మొదట్లో ఏడిపించడానికే అన్నారు. ఆయన మాత్రం, "మీ కొడుకులు మీకు ఎదురు చెప్తారు. నా కూజా ఒక్కసారైనా చెప్పిందా?" అని నవ్వేసేవాడు.

ఈ ఇంటి గుమ్మం ఆయన మూడుసార్లు ఎక్కాడు. మొదటిసారి ఎక్కినప్పుడు ఇంకా పసివాడు. తండ్రి రైలు స్టేషన్లో మూటలు మోసేవాడు, కొడుకుని బడికి పంపే తాహతు లేదు. అప్పట్లో ఈ ఇల్లు హాజ్ నవ్వాఫ్ అనే ధాన్యం వ్యాపారిది. కొత్తగా పెళ్ళయిన రోజుల్లోనే ఆయన సాయంత్రం పూట వీధి పిల్లలకి చదువు చెప్పించడానికి ముందుగది వదిలేశాడు. ఆయన భార్య హాజ్జా తమాం పిల్లలందరికీ రొట్టె, నూనె పెట్టేది. అక్కడే ఫయ్యాద్ చదవడం నేర్చుకున్నాడు. రాత మాత్రం అబ్బలేదు. ఇప్పటికీ ఆయన సంతకం కోడి కెలికినట్టే ఉంటుంది.

రెండోసారి వచ్చేసరికి నడివయసు. తోళ్ళు శుభ్రం చేసే కార్ఖానాలో పని చేసేవాడు, అది మూతపడింది. ఆ వయసువాడికి కొత్తగా ఎవరు పనిస్తారు? ఊరంతా తిరిగి తిరిగి, చెప్పులరిగి, ఇక్కడికొచ్చాడు. విజ్దాన్ టీచరమ్మ అప్పుడే ముందుగదిలో పనులు నేర్పడం మొదలుపెట్టింది. ఫయ్యాద్‌కి క్షవరం నేర్పితే మొదటి రోజే కూరగాయల కొట్టాయన చెవి కోశాడు. కుట్టుమిషను ముందు కూర్చోబెడితే సూది తన వేల్లోకే దింపుకున్నాడు. ఇక ఫ్రిజ్జుల సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన బాగుచేసిన ఫ్రిజ్‌లో పెట్టిన పాలు విరగడం అటుంచి, కాగాయి! "ఈయన్ని నేనేం చేసుకోనమ్మా" అని టీచరమ్మ తల పట్టుక్కూర్చుందట.

అంతలో పక్కవీధిలో ఒక పెద్దాయన పోయాడు. పరామర్శకి వచ్చేవాళ్ళ కోసం గుడారం వేశారు, కాఫీ పోసే మనిషి రాలేదు. చావింట కాఫీ లేకపోతే ఎట్లా? ఫయ్యాద్ నోరెత్తకుండా వెళ్ళి గింజలు వేయించాడు, రోట్లో దంచాడు. ఆ దంచే దరువుకి గుడారంలో వాళ్ళు ఏడుపాపి తలతిప్పి చూశారని చెప్పుకుంటారు. ఆ వారంలోనే మా పొరుగిల్లు తరఫున ఆయనకి ఒక కూజా, కప్పులు, రోలూ రోకలీ కొనిచ్చారు. అప్పట్నుంచి జర్కాలో ఏ పెళ్ళయినా, ఏ చావయినా, ఏ పంచాయితీ అయినా అబూ దల్లా రావాల్సిందే.

ఎడమచేతిలో కూజా, కుడిచేతిలో ఒకదాంట్లో ఒకటి దూర్చిన చిన్న కప్పులు. మొదటి కప్పు పోసేవాడే తాగాలి, అదీ అందరి కళ్ళెదుట. ఇందులో విషం లేదు, ఇది మాడలేదు, చల్లారలేదు అని అతిథికి చూపించడం అన్నమాట. ఆ తర్వాతే పెద్దవాళ్ళకి పొయ్యాలి. అబూ దల్లాకి ఇది ఆచారం కాదు, పిచ్చి. మొదటి కప్పు నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంటాడు. నాలుక అంగిటికి కొట్టి "ట్చ్" అంటాడు. నచ్చిందా, సరే. నచ్చలేదా, పెళ్ళికొడుకు ఎదురుగా కూర్చున్నా సరే, కూజా మొత్తం వాకిట్లో కుమ్మరించి మళ్ళీ మొదలుపెడతాడు. ఎంతమంది తిట్టుకున్నారో!

హాజ్ నవ్వాఫ్ ముందుగదే కాదు, ఇల్లంతా మాకిచ్చేసింది కూడా కాఫీ మీదే. మా వీధి పెద్దలు కలిసి జాహాగా వెళ్ళారు. జాహా అంటే పదిమంది పెద్దమనుషులు కలిసి ఒకరింటికి ఒక మాట అడగడానికి వెళ్ళడం. పిల్లనడగడానికైనా, పగలు చల్లార్చడానికైనా అలాగే వెళ్తారు. ఇంటాయన కాఫీ ఇప్పిస్తాడు. వచ్చినవాళ్ళలో పెద్ద ఆ కప్పు అందుకుని తాగకుండా ముందు పెట్టుకుంటాడు. "మా మాట చెల్లితేనే తాగుతాం" అంటాడు. ఇంటాయన "తాగండి" అన్నాడా, ఇచ్చేసినట్టే. ఇవ్వకపోతే కాఫీ అట్లాగే చల్లారిపోతుంది, వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. ఆ ఇంటికి అంతకంటే తలవంపు లేదు. ఆ రోజు హాజ్ నవ్వాఫ్ రెండో మాట లేకుండా "తాగండి" అన్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ రోజు కాఫీ పోసినవాడు అబూ దల్లాయే.

మూడోసారి వచ్చేసరికి ముసలివాడు. మోకాళ్ళు పోయాయి, చేతులు వణుకుతున్నాయి. పెళ్ళిళ్ళు హాళ్ళలోకి మారిపోయాయి, అక్కడ కాఫీ మిషన్లో వస్తుంది. ఒక మధ్యాహ్నం నా వంటగది తలుపు దగ్గర నిలబడి, "కాఫీ ఏమన్నా కాచాలా?" అనడిగాడు.

"కాఫీ వద్దు గానీ, వచ్చి కూర్చుని అన్నం తిను పెద్దాయనా" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. చాలా రోజులు గోడకానుకుని నిలబడే తిన్నాడు. జీవితమంతా కూర్చున్నవాళ్ళకి వడ్డించిన మనిషి, కూర్చుని తినమంటే ఆయన చేత కాలేదు. నేను తిట్టగా తిట్టగా చివరికి ఒకరోజు కూర్చున్నాడు. కూర్చున్న రోజే ఉప్పెక్కువైందన్నాడు. అంతే, ఆ రోజు నుంచి మా ఇద్దరికీ యుద్ధమే. పక్కసందులో ఓ మేడ మీద ఒంటి గదిలో ఉంటాడు, అక్కడ ఆయనతో మాట్లాడేది రేడియో ఒక్కటే. మనుషులతో మాటామంతీ, దెబ్బలాటా అంతా మా దగ్గరే.

హాజ్ నవ్వాఫ్ పోయాక ఇల్లు కొడుకు హైథమ్ పేరిట వచ్చింది. చెడ్డవాడు కాదు. పండక్కి మా పిల్లలకి మిఠాయిలు పంపేవాడే. కానీ టైల్స్ వ్యాపారం పెరిగింది, కొట్టుకి చోటు కావాలి. రంజాను వెళ్ళాక ఇల్లు ఖాళీ చెయ్యమని కబురు పెట్టాడు. ఊరి చివర, ఎడారి వైపు ఒక షెడ్డుంది, కావాలంటే అది వాడుకోమన్నాడు. రెండు బస్సులు మారాలి. మోకాళ్ళు లేనివాళ్ళు రెండు బస్సులెక్కి పప్పుచారు తాగడానికొస్తారా? బడి వదిలిన పిల్లలు అంత దూరం వస్తారా? పొరుగిల్లు ఆ సందులోంచి కదిలిందంటే ఇక లేనట్టే. విజ్దాన్ టీచరమ్మ రెండుసార్లు వెళ్ళి మాట్లాడింది. టీ ఇచ్చి, మర్యాదచేసి, కుదరదని పంపేశాడు.

ఆ సంగతి తెలిసిన రోజు అబూ దల్లా భోజనం చేసి, కంచం పక్కన పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. ఉప్పు మాటే ఎత్తలేదు. మర్నాడూ అంతే. కావాలని ఉప్పు దండిగా పోశాను. అయినా అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

ఇక మిగిలింది జాహా ఒక్కటే. రిటైరైన జడ్జి ఒకాయన పెద్దగా ఉంటానని మాటిచ్చాడు. సరే, శుక్రవారం సాయంత్రం నమాజు తర్వాత వస్తున్నామని హైథమ్‌కి కబురు పంపాం. తీరా శుక్రవారం పొద్దున్నే జడ్జిగారి ఇంటినుంచి ఫోను. ఆయనకి బీపీ పెరిగిందట, పక్క దిగొద్దన్నారట. నా బీపీ సంగతి ఎవరడిగారు! మా వాకిట్లో ముసలివాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నాకు చెవుడన్నాడు, ఒకాయన హైథమ్ నాకు వేలువిడిచిన మేనల్లుడు, నేనడిగితే బాగోదన్నాడు.

విజ్దాన్ టీచరమ్మ అబూ దల్లా వైపు తిరిగింది. "బాబాయ్, మీరే అడగాలి."

"నేనా? నీకేమన్నా మతి పోయిందా తల్లీ? ఎన్ని జాహాలకి కాఫీ పోశానో లెక్కే లేదు. ఒక్కదాంట్లోనైనా కూర్చున్నానా?"

"పోసినవాడికి తెలియందేముంది? కప్పు తీసుకోవాలి, ముందు పెట్టుకోవాలి, అడగాలి. అంతే."

"నిలబడి ఉంటే అన్నీ తెలుసు. కూర్చుంటే నాకేమీ తెలీదమ్మా."

నాకు విసుగొచ్చింది. "అయితే నువ్విక్కడే ఉండు. మేమెళ్ళి గోడకి అడిగొస్తాం. రేపట్నించి నీ రేడియోని వండిపెట్టమను" అన్నాను.

ఆయన తన మాసిన బట్టలకేసి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "పైన వేసుకోడానికి పొడుగంగీ ఒకటి అప్పివ్వండి" అన్నాడు. చెవిటాయన అంగీ ఇచ్చాడు. అది ఆయనకి నేల మీద జీరాడింది. ఎర్రగళ్ళ తలగుడ్డ నేనే సరిగ్గా చుట్టాను.

హైథమ్ ఇంట్లో మగవాళ్ళు పెద్దగదిలోకి వెళ్ళారు. నేనూ టీచరమ్మా లోపల హైథమ్ తల్లి హాజ్జా తమాం దగ్గర కూర్చున్నాం. ముసలావిడ మంచం పెద్దగదిలోకి తెరుచుకునే కిటికీ పక్కనే ఉంది. తెర కొంచెం తొలగిస్తే పెద్దగదంతా కనిపిస్తుంది. మా కుర్రాళ్ళు, పనులకోసం వచ్చేవాళ్ళు, ఎవరూ రమ్మనకపోయినా సందంతా నిండిపోయి గోడ బయట నిలబడ్డారు.

హైథమ్ అందరినీ లేచి ఆహ్వానించాడు. అబూ దల్లాని పెద్దవాడి చోట, గది మధ్య మెత్త మీద కూర్చోబెట్టాడు. ఆయన కొనమీద కూర్చున్నాడు, ఎవరో లేవమంటారన్నట్టు. హైథమ్ బావమరిది, ఇంత లావు మనిషి, కాఫీ కూజాతో వచ్చాడు. వాడికి ఎవరు నేర్పారో గానీ, మొదటి కప్పు తను తాగడం ఎగ్గొట్టాడు. నింపి నేరుగా అబూ దల్లా చేతిలో పెట్టాడు.

ఇక మీరే ఊహించుకోండి. కూజాలోంచి పడిన మొదటి కప్పు. ఎవరూ రుచి చూడని కప్పు. అది ఆ చేతిలో పడ్డాక ఎక్కడికెళ్తుంది? నేను తెర సందులోంచి చూస్తున్నాను. ఆ కప్పు నేల మీదకి వెళ్ళాలి. పైకి వెళ్ళింది. "వద్దు, వద్దు, వద్దు" అని నేను గొణుగుతున్నాను. తాగేశాడు! ఒక్క గుక్కలో తాగేసి, కళ్ళు మూసుకుని, "ట్చ్" అని, మొహం వేపాకు నమిలినట్టు పెట్టాడు.

అబూ దల్లా కళ్ళు తెరిచి, చేతిలో ఖాళీ కప్పు చూసుకున్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇంకా అడగనేలేదు, కాఫీ అయిపోయింది. ఇక దేన్ని ముందు పెట్టుకుని అడుగుతాడు? మా కొంప మునిగింది. విజ్దాన్ టీచరమ్మ గోళ్ళు నా మోచేతిలో దిగబడ్డాయి.

అప్పుడు నా పక్కనుంచే లేచింది ఒక కేక. శుభకార్యాల్లో ఆడవాళ్ళు నాలుకాడిస్తూ పెడతారే, ఆ సంతోషపు కేక. హాజ్జా తమాం! పళ్ళులేని నోటితో ఆ ముసలావిడ సందు చివరిదాకా వినిపించేలా పెట్టింది. గోడ బయట ఉన్నవాళ్ళకి ఏం తెలుసు? కేక విన్నారు, కాఫీ తాగారనుకున్నారు, ఇల్లు దక్కిందనుకున్నారు. "ముబారక్! అల్లా మీ ఇంటిని చల్లగా చూడాలి హైథమ్!" అని ఒకటే అరుపులు, చప్పట్లు. లోపలున్నవాళ్ళలో ఒకాయన లేచి హైథమ్ బుగ్గలు ముద్దుపెట్టుకున్నాడు కూడా.

హైథమ్ మొహం ఎర్రబడిపోయింది. తన ఇంట్లో అతిథి కాఫీ తాగాడు, తన తల్లి కేక పెట్టింది, వీధంతా విన్నది. ఇప్పుడు కాదంటే ఎక్కడ తలెత్తుకుంటాడు?

"హాజ్జా, ఆయనింకా అడగలేదు" అని టీచరమ్మ ముసలావిడ చెవిలో గొణిగింది.

"నాకు కళ్ళున్నాయే పిల్లా. చూశాను" అంది హాజ్జా. "నేను ఈ వంశంలోకి కోడలిగా వచ్చాక మా ఇంట తాగిన కప్పుకి మాట తప్పిందెవరూ లేరు. నా కొడుకు రోజుల్లో మొదలవనిస్తానా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ముసలావిడ చేతులు పట్టుకుని ముద్దులు పెట్టాను. అయిపోయింది, ఇల్లు దక్కింది, ఇక అందరూ లేచి బయటికొస్తే చాలు.

అదుగో, అప్పుడు లేచాడు మహానుభావుడు.

"ఆగండి" అన్నాడు. అంగీ కాళ్ళకడ్డం పడితే పక్కనున్నాయన భుజం పట్టుకుని నిలబడ్డాడు. "నాయనా హైథమ్, ఆ కేక లెక్కలోకి రాదు. నువ్వు తాగమనలేదు. నేనే తాగేశాను. మొదటి కప్పు చేతికొస్తే నోట్లో పోసుకోవడమే నాకు అలవాటు. పెద్దవాడి చోట కూర్చోవడం నాకు తెలీదు నాయనా, ఇవాళే మొదలు."

నేను నెత్తి బాదుకున్నాను. నోరు మూసుకుని కూర్చుంటే ఈయన సొమ్మేం పోయింది! గోడ బయట చప్పట్లు ఆగిపోయాయి.

"మీ నాన్న ఆ ఇల్లు మనసుపెట్టి ఇచ్చాడు" అన్నాడు అబూ దల్లా. "ఆ రోజు కాఫీ పోసింది నేనే, నా కళ్ళతో చూశాను. నీ దగ్గర నేను చేతివాటంగా లాక్కుంటే, రేపు ఆ ఇంట్లో నాకు ముద్ద దిగదు. నీ మీద ఏ మాటా లేదు. ఇంకో కప్పు పోయించు. ముందు పెట్టుకుని సరిగ్గా అడుగుతాను. కాదనాలనుంటే కాదను."

"వీడికి చిన్నప్పట్నుంచీ ఇదే రోగం" అంది హాజ్జా తమాం పైకే. "పలక మీద తప్పు రాస్తే అయ్యవారు చూడకముందే వీడే లేచి చెప్పేవాడు. ఒరే ఫయ్యాద్, కేక పెట్టింది నేను, గొంతు పోయింది నాది, పాడుచేసింది నువ్వు!"

కొంతమంది నవ్వారు. హైథమ్ నవ్వలేదు. అబూ దల్లాని తేరిపార చూస్తూ, "బాబాయ్, ఒకటి చెప్పు. తాగాక మొహం అట్లా ఎందుకు పెట్టావు?" అన్నాడు.

"అవన్నీ ఇప్పుడెందుకులే నాయనా."

"చెప్పాల్సిందే."

అబూ దల్లా నీళ్ళు నమిలాడు. కానీ కాఫీ గురించి అబద్ధం చెప్పడం ఆయన వల్ల అయ్యే పని కాదు. "గింజ మాడింది. యాలకులు పాతబడ్డాయి. పొద్దున కాచింది మళ్ళీ వెచ్చబెట్టారు" అన్నాడు తలదించుకుని.

"మా ఇంట్లో కాఫీకి వంకా!" అని బావమరిది ఎగిరిపడ్డాడు. హైథమ్ వాడి చేతిలోంచి కూజా లాక్కుని, ఒక కప్పు పోసుకుని తాగాడు. హైథమ్ మొహం కూడా అచ్చం అబూ దల్లా మొహంలాగే అయింది. పగలబడి నవ్వాడు.

"అమ్మా, ఎవరిచేతనైనా వేరే కాఫీ కాయించు" అన్నాడు లోపలికి కేకేసి. "ఇది తాగించి మాట తీసుకుంటే మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

హాజ్జా నా వైపు చూసింది. "వెళ్ళవే ఉమ్ సనద్. డబ్బాలో కొత్త గింజలున్నాయి."

నేనా! ఇన్నాళ్ళూ నా వంటకి వంకలు పెట్టిన మనిషికి, ఈ ఘడియలో, నా చేత్తో కాఫీనా! గింజలు వేయించాను. ఎక్కువ వేగితే చంపేస్తాడు, తక్కువ వేగినా చంపేస్తాడు. తాజా యాలకులు దంచి వేశాను. పొంగకుండా కళ్ళప్పగించి కూర్చున్నాను. నాకొచ్చిన దువాలు, ప్రార్థనలన్నీ చదివాను. కూజా హైథమ్ తలుపు దగ్గరికొచ్చి తనే తీసుకెళ్ళాడు.

ఈసారి పోసింది ఇంటాయనే. మొదటి కప్పు అందరి ఎదుటా తను తాగాడు. రెండోది నింపి రెండు చేతులతో అబూ దల్లాకి ఇచ్చాడు. అబూ దల్లా ఆ కప్పుని పసిబిడ్డని దింపినట్టు నేలమీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసేసుకుని ఒళ్ళో దాచుకున్నాడు.

"అడుగు బాబాయ్."

"మా ఇల్లు మాకుంచు నాయనా" అన్నాడు. జడ్జిగారైతే ఎంత ఉపన్యాసం ఇచ్చేవాడో. ఆయన అనుకున్నదంతా మరిచిపోయాడు. "అక్కడే చదువుకున్నాను. కూడు లేనప్పుడు అక్కడే పని దొరికింది. ఇప్పుడు అక్కడే ఇంత తింటున్నాను. అది పోతే నాకింకో గుమ్మం లేదు. నాలాంటివాళ్ళు సందు నిండా నిలబడి ఉన్నారు, చూడు."

హైథమ్ ఆయనకెదురుగా నేలమీద కూర్చున్నాడు. "నిజం చెప్పనా? నేను కాదనే అందామనుకున్నాను. మా అమ్మ కేక పెట్టినప్పుడు ఒళ్ళు మండిపోయింది, పరువుకి భయపడి ఇవ్వాల్సి వచ్చిందే అని. ఇస్తే ఇచ్చేవాణ్ణే, కానీ ఏడ్చుకుంటూ ఇచ్చేవాణ్ణి. నువ్వు నన్ను వదిలేశావు. ఇప్పుడిస్తే నేనిచ్చినట్టు." కప్పు తనే తీసి ఆయన చేతిలో పెట్టాడు. "తాగు బాబాయ్. ఆ ఇల్లు మీదే. టైల్స్ కొనేవాడు కారేసుకుని ఊరి చివరికైనా వస్తాడు, మీరు రాలేరు. రేపే వకీలుని పిలిచి రాయించేస్తాను. నా తర్వాత మళ్ళీ ఎవరూ జాహా కట్టనక్కర్లేదు."

అబూ దల్లా చేతిలో కప్పు ఒరిగి, సగం కాఫీ అంగీ మీద ఒలికింది. మిగిలింది తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదకి కారుతున్నాయి, ఆయనకి తెలియడం లేదు. ఇటు నేను తెర వెనక ఊపిరి బిగబట్టాను. ఇల్లు దక్కింది, నాకు తెలుసు, అయినా ఆ "ట్చ్" కోసం బిగబట్టాను.

"బాగుంది" అన్నాడు. "ఎవరు కాచారో గానీ చెయ్యి తిరిగిన మనిషే." ఇంకో కప్పు పొయ్యమని చెయ్యి చాచాడు.

హాజ్జా తమాం మోచేత్తో నన్నొక పోటు పొడిచి మళ్ళీ కేక అందుకుంది. ఈసారి నేనూ అందుకున్నాను, టీచరమ్మా అందుకుంది. ఇంత చదువుకున్న మనిషి, బళ్ళో పిల్లలు ఆవిణ్ణి చూస్తే గజగజలాడేవాళ్ళు, నాకంటే గట్టిగా పెట్టింది. బయట కుర్రాళ్ళు అబూ దల్లాని భుజాలకెత్తుకున్నారు. "దింపండ్రా, మోకాళ్ళు, మోకాళ్ళు" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు, పొరుగింటి గుమ్మం దాకా ఎవరూ దింపలేదు.

ఆ కాఫీ ఎవరు కాచారో ఆయనకి నేను చెప్పలేదు. చెప్తే అన్న మాట వెనక్కి తీసుకుంటాడు, నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం అందరికంటే ముందొచ్చాడు. గోడ దగ్గర కాదు, బల్ల మధ్యలో, దర్జాగా కూర్చున్నాడు. నేను పప్పుచారు పోసి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పెక్కువైంది ఉమ్ సనద్."

అల్లా మీద ఒట్టు, ఆ మాట వినగానే నాకు ఏడుపాగలేదు. "తింటే తిను, లేకపోతే లే" అని అరిచి వంటగదిలోకి వచ్చేశాను.